అమ్మ చేత్తో తెరుచుకోని తలుపు మనకెందుకు?

పోయిన వారం ఆఫీసు క్యాంటీన్లో మా టీం మిత్రుడొకడు ఫోను తీసి అందరికీ చూపించాడు. "ఇదిగో, ఇక్కడ నొక్కితే నాగాయలంకలో మా కారు షెడ్డు షట్టరు లేస్తుంది" అన్నాడు. నొక్కాడు. లేచింది. కెమెరాలో వాళ్ళ నాన్నగారు ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూడటం కూడా కనిపించింది. అందరూ 'అబ్బో' అన్నారు. నేను ఉండబట్టలేక "కరెంటు లేకపోతేనో?" అన్నా. "ఇన్వర్టర్ ఉందిగా" అన్నాడు. "అదీ అయిపోతేనో?" అన్నా. "టెస్టింగ్ టీం వాడిలా మాట్లాడకురా బాబూ, అన్నం తిననీ" అని నవ్వేశాడు.

నలుగురితో పాటు నేనూ నవ్వేశా గానీ కడుపులో మంట మాత్రం అలాగే ఉండిపోయింది. ఎందుకంటే సరిగ్గా ఇలాంటి షట్టరే కొని, సరిగ్గా ఇలాగే నలుగురికీ చూపించి మురిసిపోయిన వెధవల్లో నేనే మొదటివాణ్ని. ఆ మంటతోనే ఇది రాస్తున్నా. అక్కడక్కడా మాట తూలితే ఏమీ అనుకోకండి, సగం కోపం నా మీదే.

ముందుగా ఒక మాట తేల్చేసుకుందాం. అమెరికాలో ఉన్న మన జనం 'గరాజ్ డోర్ ఓపెనర్' అంటారు. మా మోపిదేవిలో గ్యారేజీ అంటే అవనిగడ్డ ఆర్టీసీ డిపోలో బస్సులు బాగుచేసే చోటు, లేదంటే రోడ్డు పక్కన బైకు మెకానిక్కు కొట్టు. ఇంట్లో కారు పెట్టుకునేదాన్ని కారు షెడ్డనో పోర్టికో అనో అంటాం. దాని ముందుండేది రెండు రెక్కల గేటో, పక్కకి జరిగే గేటో, ఈ మధ్య ఎక్కువగా కిరాణా కొట్టుకి ఉన్నట్టు పైకి చుట్టుకునే షట్టరో. మోటారు దేనికి బిగించినా కథ ఒకటే, అందుకని అన్నిటినీ కలిపే మాట్లాడుతున్నా.

ఇక నా ఘనకార్యం. 2022లో ఇంటి నుంచి పని చేసే రోజులు అయిపోయి, నేను మళ్ళీ హైదరాబాదు మూటాముల్లె సర్దుకుంటున్నా. నాన్న పోయాక ఇంట్లో అమ్మా, నాయనమ్మా ఇద్దరే. నాన్న కొన్న కారు షెడ్డులో ఉంటుంది. అమ్మకి డ్రైవింగు రాదు, అవసరమైతే పక్కింటి బాబాయి కొడుకు వచ్చి తీస్తాడు. షట్టరు చేత్తో ఎత్తాలంటే అమ్మకి భుజం నొప్పి. "మోటారు పెట్టిస్తా, బటన్ నొక్కితే చాలు" అని నేనే పట్టుబట్టా. అప్పుడు అమ్మ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: "కరెంటు పోతే ఎట్లారా?"

"అన్నిటికీ ఏర్పాట్లుంటాయమ్మా, నువ్వు ఊరుకో" అన్నా నేను.

చూశారా? ఇంజినీరింగు చదివింది నేను, రిక్వైర్మెంట్ చెప్పింది అమ్మ. ఆ ఒక్క రిక్వైర్మెంటునీ చదవకుండానే క్లోజ్ కొట్టేసింది మళ్ళీ నేనే.

ఎలా ఎంచుకున్నానంటే, ఫోను కొన్నట్టే కొన్నా. నాలుగు వీడియోలు చూశా. ఎన్ని కిలోలు ఎత్తుతుంది, ఎంత వేగం, వైఫై ఉందా, ఎన్ని చుక్కల రేటింగు... ఇవీ నా లెక్కలు. ఆ వీడియోలు తీసినవాళ్ళలో ఒక్కడైనా సముద్రపు గాలి తగిలే ఊళ్ళో ఉన్నాడా అని చూడలేదు. పట్నం నుంచి ఇద్దరు కుర్రాళ్ళొచ్చి పూటలో బిగించేసి, ఒక కవరు చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. అందులో రెండు రిమోట్లు, ఒక పుస్తకం, ఒక చిన్న ఇనుప తాళంచెవి. రిమోట్లు అమ్మకిచ్చా. తాళంచెవి దేనికో అడగలేదు, పుస్తకం తెరవలేదు. భద్రంగా ఉంటాయని రెండిటినీ హైదరాబాదు పట్టుకొచ్చి బీరువాలో పడేశా.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర్లో తీరం దాటింది. మా ఇంటికి ఆ సాయంత్రానికే కరెంటు లేదు. ఇన్వర్టరు ఒక ఫ్యానుకీ రెండు లైట్లకీ రాత్రంతా కాపు కాసి తెల్లారేసరికి చేతులెత్తేసింది. పొద్దున్నే నాయనమ్మకి ఆయాసం ఎక్కువైంది. అమ్మ కేకేస్తే బాబాయి కొడుకు పరిగెత్తుకొచ్చాడు. కారు లోపల ఉంది, దాని ముందు షట్టరు దిగి ఉంది. బటన్ నొక్కితే చప్పుడు లేదు. రిమోట్‌కి ఉలుకూ పలుకూ లేదు. ఇక్కడ హైదరాబాదులో నేను యాప్ నొక్కుతుంటే 'డివైస్ ఆఫ్‌లైన్' అని చూపిస్తోంది. ఇద్దరు పట్టి ఎత్తినా షట్టరు బెత్తెడు కూడా కదల్లేదు, మోటారు గేర్లు పట్టేసుకుని ఉన్నాయి. మోటారుని విడదీసే మీట ఒకటుంది గానీ దానికి తాళం. ఆ తాళంచెవి ఎక్కడుందో మీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది. మూడొందల కిలోమీటర్ల అవతల, నా బీరువాలో, భద్రంగా.

గునపం తెచ్చి ఆ తాళం పగలగొట్టారు. మీట లాగితే రాలేదు. చేత్తో లాగే గొలుసు తుప్పు పట్టి కడ్డీలా బిగుసుకుపోయింది. చివరికి బాబాయి ఎవరినో బతిమాలి ఆటో తెచ్చి, చెట్లు పడిన చోటల్లా చుట్టూ తిరిగి నాయనమ్మని మచిలీపట్నం చేర్చాడు. మొత్తం మీద గంటన్నర వృథా. నాయనమ్మకి ఇప్పుడు బాగానే ఉంది. నన్ను చూస్తే చాలు, "ఏరా, నీ బటను బాగుందా?" అంటుంది. ఆ గంటన్నరలో ఆవిడకి ఏమైనా అయ్యుంటే ఇది రాసే మొహం నాకుండేది కాదు.

ఇప్పుడు అసలు గొడవకొద్దాం. నా వాదన ఒక్కటే. మా దివిసీమ లాంటి చోట తలుపుకి మోటారు కొనేటప్పుడు 'ఎంత బాగా తెరుచుకుంటుంది' అన్నది రెండో ప్రశ్న. 'మోటారు చచ్చిపోయిన రోజు ఇంట్లో ఉన్న మనిషి ఒక్కతే దాన్ని తెరవగలదా' అన్నది మొదటి ప్రశ్న. మొదటిదానికి జవాబు లేనప్పుడు మిగతా ఫీచర్లన్నీ దండగ. 'చచ్చిపోతే' అనటం లేదు, 'చచ్చిపోయిన రోజు' అంటున్నా. ఎందుకంటే మా గాలిలో అది చస్తుంది, ఇవాళ కాకపోతే రేపు.

"షెడ్డు లోపల ఉంది సార్, తడవదు, ఏమీ కాదు" అంటాడు అమ్మేవాడు. తప్పు. వంటింట్లో ఉప్పు జాడీ వానాకాలంలో చెమ్మగిల్లడం మీరు చూసే ఉంటారు. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీళ్ళు లాక్కుని కరిగిపోతుంది. మా వైపు రాత్రిళ్ళూ, తెల్లవారుజామునా తేమ ఆ గీత దాటడం మామూలు సంగతి. అంటే వాన పడక్కర్లేదు. సముద్రం మీద నుంచి వచ్చిన సన్నటి ఉప్పు గొలుసు మీద వాలి కూర్చుంటే చాలు, చీకటి పడేసరికి అది ఉప్పునీటి పొర. పైగా బయట ఉన్న ఇనుముని అప్పుడప్పుడూ వాన కడుగుతుంది. షెడ్డు లోపలి దాన్ని ఎవరూ కడగరు, అక్కడ ఉప్పు పేరుకుంటూనే ఉంటుంది. కప్పు కింద ఉండటం అదృష్టం అనుకున్నా నేను. మా గొలుసుని తిన్నది ఆ అదృష్టమే.

తర్వాతి డప్పు: "ఐపీ 55 సార్, వాటర్ ప్రూఫ్!" ఐపీ అంకెల్లో మొదటిది దుమ్ము గురించి, రెండోది నీళ్ళ గురించి. ఆ పరీక్షలో పెట్టె మీద కాసేపు మామూలు నీళ్ళు కొట్టి లోపలికి చేరాయా లేదా చూస్తారు. తుప్పు గురించి ఆ ప్రమాణం, అంటే ఐఈసీ 60529, ఏమీ హామీ ఇవ్వదు. ఉప్పుకి వేరే పరీక్ష ఉంది. ఏఎస్టీఎం బీ117 అని, 35 డిగ్రీల దగ్గర 5 శాతం ఉప్పునీటిని మంచులా చల్లుతూ గంటల తరబడి ఉంచుతారు. "సాల్ట్ స్ప్రే ఎన్ని గంటలు తట్టుకుంది?" అని అడిగి చూడండి. నేను తర్వాత మూడు చోట్ల అడిగా. ఒకాయన నన్ను ఉప్పు వ్యాపారి అనుకున్నాడు :-) ఆ గంటల్ని నేరుగా ఏళ్ళలోకి మార్చేయలేం, నిజమే. కానీ ఆ ప్రశ్న విన్నవాడి మొహం చూస్తే వాడి సరుకు సముద్రం కోసం తయారైందో కాదో తెలిసిపోతుంది.

ఇక 'జీఐ షట్టరు' అనే మాట. జింకు పూత ఎంత అని అడక్కుండా జీఐ అంటే, ర్యామ్ ఎంతో అడక్కుండా ల్యాప్‌టాప్ కొన్నట్టు. చదరపు మీటరుకి రెండు వైపులా కలిపి 275 గ్రాముల జింకు ఉన్న రేకు అయితే ఒక్కో వైపు 20 మైక్రాన్ల దగ్గర పూత ఉంటుంది. 120 గ్రాముల రేకు చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది, పూత సగం కూడా ఉండదు. అన్నిటికంటే మోసం నిగనిగలాడే బోల్టులు. కరెంటు పద్ధతిలో వేసిన జింకు కొద్ది మైక్రాన్లే. కరిగిన జింకులో ముంచి తీసిన బ్రాకెట్టు గరుకుగా, మందకొడిగా కనిపిస్తుంది, అదే ఎక్కువ కాలం నిలుస్తుంది. స్టీలు అంటే 304 రకం కూడా మా గాలికి గోధుమరంగు మరకలు పడుతుంది. 316 రకంలో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది కాబట్టి ఉప్పుకి బాగా ఓర్చుకుంటుంది. అల్యూమినియం పట్టీ మీద స్టీలు బోల్టు నేరుగా బిగిస్తే ఉప్పు తేమలో ఆ రెండిటి మధ్యా చిన్న బ్యాటరీ తయారై అల్యూమినియం కరిగిపోతుంది, మధ్యలో నైలాన్ వాషర్ పడాలి. ఇదంతా రాకెట్ సైన్సు కాదు, పడవలు కట్టేవాళ్ళకి తెలిసిన సంగతే. షట్టర్లు అమ్మేవాళ్ళకే పట్టదు.

కంట్రోల్ బోర్డు సంగతి చెప్పకపోతే పాపం. వెచ్చగా, చీకటిగా, నిశ్శబ్దంగా ఉండే పెట్టె మా ఊళ్ళో ఖాళీగా ఎందుకుంటుంది? చీమలు చేరతాయి, బల్లులు కాపురం పెడతాయి. మా పెట్టె విప్పితే రెండు టెర్మినళ్ళ మధ్య ఎండిపోయిన బల్లి దొరికింది. బోర్డు మీద తేమ తగలకుండా లక్క లాంటి పూత ఉందా, వైర్లు వచ్చే కన్నాలకి రబ్బరు బిగించారా అన్నవి ఎవరూ బ్రోచర్లో రాయరు, మనమే టార్చి వేసి చూసుకోవాలి.

"ఇవన్నీ నీ ఒక్కడి గోల, ప్రపంచమంతా వాడటం లేదా?" అంటారేమో. ప్రపంచం సంగతే చెప్తా వినండి. కాలిఫోర్నియాలో 2017 అక్టోబరులో కార్చిచ్చులు ఊళ్ళ మీద పడ్డాయి. కరెంటు పోయింది. గరాజ్ తలుపులు తెరుచుకోక, చేత్తో ఎత్తడం చేతకాక, ముఖ్యంగా పెద్దవాళ్ళు లోపలే చిక్కుకుపోయారు. దాని మీద 2018లో ఎస్‌బీ 969 అనే చట్టం చేశారు. 2019 జులై 1 నుంచి ఆ రాష్ట్రంలో ఇళ్ళకి అమ్మే ప్రతి కొత్త ఓపెనర్‌కీ బ్యాటరీ బ్యాకప్ తప్పనిసరి. సిలికాన్ వ్యాలీ ఉన్న రాష్ట్రం అది. అక్కడి జనం కూడా మా అమ్మ అడిగిన ప్రశ్న దగ్గరికి మంటలు వచ్చాకే చేరారు.

వాళ్ళకి మంట, మాకు నీళ్ళు. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి దివిసీమ వాడికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రభుత్వ లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ ఏ సంగతైనా 'ఉప్పెనకి ముందు, ఉప్పెన తర్వాత' అనే చెప్తారు. ఆ తర్వాత కూడా 2010లో లైలా, 2013లో మచిలీపట్నం దగ్గరే దాటిన హెలెన్, 2023లో బాపట్ల దగ్గర మిచాంగ్, 2025లో మొంథా. ఇలాంటి చోట తలుపు పని దొంగని ఆపడం ఒక్కటే కాదు, లోపలివాళ్ళని బయటికి పంపడం కూడా. అలాంటి చోటికి మనం ఏం పట్టుకెళ్తున్నాం? కరెంటు ఉంటేనే కదిలే ఇనుప గోడ. పైగా తుఫాను దగ్గరపడితే ముందుజాగ్రత్తగా కరెంటు తీసేయడం మామూలే. అంటే బయటపడాల్సిన అవసరం ఎప్పుడు ఎక్కువో, సరిగ్గా అప్పుడే మన తలుపు పని చేయదు. ప్రొడక్షన్లో ఇలాంటి డిజైను పెడితే మేనేజరు మనల్ని ఊరుకుంటాడా? ఇంట్లో అయితే పెట్టేసి ఫోటో కూడా తీసి పంపుకుంటాం.

యాప్ గురించి కూడా రెండు ముక్కలు, మన వృత్తి కాబట్టి. ఎప్పుడూ ఒకే కోడు పంపే పాత రకం రిమోట్లని సామీ కామ్కార్ అనే ఆయన 2015లో ఒక పిల్లల బొమ్మ ఫోనుతో పది సెకన్ల లోపు తెరిచి చూపించాడు. నొక్కిన ప్రతిసారీ కోడు మారే రకం ఉంటే తప్ప కొనకండి. 2023లో నెక్స్ అనే కంపెనీ గరాజ్ పరికరాల్లో అన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్ లోపల రాసి పెట్టి ఉందని బయటపడింది, ఎవడి తలుపైనా ఎవడైనా తెరవచ్చు. అదే ఏడాది చేంబర్లేన్ కంపెనీ బయటి సాఫ్ట్‌వేర్లకి తలుపు మూసేస్తే, సొంత గరాజ్ తలుపుని తమ సొంత సిస్టంతో నడుపుకుంటున్న బోలెడంత మంది ఒక్కరోజులో రోడ్డున పడ్డారు. తలుపు మీ ఇంటిదే, ఏపీఐ మాత్రం వాళ్ళది. సర్వర్లు ఎలా పడిపోతాయో, ఎవడు ఎప్పుడు ఏది ఆపేస్తాడో రోజూ చూసే మనమే మన అమ్మల తలుపుల్ని తీసుకెళ్ళి ఆ సర్వర్లకి కట్టేస్తున్నాం.

ఇక నాకు ఎదురొచ్చే వాదనలు.

"సాఫ్ట్‌వేరు వాడివై ఉండి టెక్నాలజీ వద్దంటావా?" వద్దనటం లేదు మహానుభావా. అమ్మకి భుజం నొప్పి నిజం. రోజూ ఇరవై సార్లు గేటు తీసేవాళ్ళకి మోటారు వరం. నేననేది మోటారు సౌకర్యంగానే ఉండాలని, అది లేకపోతే ఇల్లు ఆగిపోకూడదని. లిఫ్టు ఉన్న ఇంటికి మెట్లు తీసేస్తామా?

"ఇన్వర్టర్ ఉందిగా?" ఫ్యాన్లకీ లైట్లకీ అని కొన్న ఇన్వర్టరు బరువైన షట్టరు మోటారుని లేపుతుందన్న గ్యారంటీ లేదు. మోటారు మొదలయ్యే క్షణంలో నడిచేటప్పటి కంటే కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది, ఇన్వర్టరు ట్రిప్పవుతుంది. లేపినా ఎన్ని గంటల తర్వాత వరకు? తుఫానులో మొదటి గంట ఎవడికైనా గడుస్తుంది. కష్టమంతా మర్నాడు పొద్దున్న.

"చేత్తో తెరుచుకుంటే దొంగ కూడా తెరుస్తాడుగా?" విడదీసే మీట లోపల ఉంటుంది. ఇంట్లోంచి షెడ్డులోకి ఒక చిన్న పక్క తలుపు, దానికి మామూలు తాళం. ఆ తాళంచెవి అమ్మ దగ్గర, ఇంకోటి బాబాయి దగ్గర. మన పెద్దవాళ్ళు ఇళ్ళకి వాడుకున్న సెక్యూరిటీ ఇదే, పక్కింటివాళ్ళ చేతిలో తాళంచెవి.

"మేం ఏడాదికోసారి వచ్చేవాళ్ళం, ఇల్లు మూసే ఉంటుంది" అనే ఎన్నారై మిత్రులకి ప్రత్యేకంగా ఒక మాట. మీకసలు మోటారే వద్దు. ఉప్పు గాలిలో పదకొండు నెలలు కదలకుండా ఉన్న గొలుసు, మీరొచ్చిన రోజు కదుల్తుందని ఆశపడటం అత్యాశ. మంచి జింకు పూత ఉన్న గేటు, ఇత్తడి తాళం చాలు. మిగిలిన డబ్బులతో దాన్ని మూడు నెలలకోసారి కడిగి గ్రీజు పెట్టడానికి ఒక మనిషిని మాట్లాడుకోండి.

సరే, తిట్టింది చాలు, ఏం కొనాలో కూడా చెప్పమంటారా? దెబ్బ తిన్నాక నేను నేర్చుకున్నవి ఇవి:

1. చోటుంటే రెండు రెక్కల గేటు. గడియ తీసి తోస్తే చాలు. దానికి బిగించే మోటారు చేతుల్ని విడదీయడం కూడా తేలిక. పక్కకి జరిగే గేటు పట్టాలో మట్టీ ఇసుకా చేరతాయి, రోజూ ఊడ్చుకోవాలి. షట్టరు అన్నిటికంటే బరువు, గత్యంతరం లేకపోతేనే. షట్టరే అయితే స్ప్రింగులు సరిగ్గా సర్దించండి. మోటారు విడదీసి సగం ఎత్తులో వదిలితే దాదాపు అక్కడే నిలబడాలి. దబ్బున పడిందంటే బరువంతా మోటారే మోస్తోందన్నమాట, అది మీ అమ్మ ఎత్తలేదు.

2. బ్యాటరీతో నడిచే 24 వోల్టుల రకం మేలు. కానీ బ్యాటరీ కూడా మా ఎండలకి ఏళ్ళ తరబడి బతకదు. కొన్న తేదీ దాని మీదే రాసి పెట్టండి. బ్యాటరీ ఉందని చేతి మీటని మర్చిపోకండి.

3. మీట తాళంచెవులు కనీసం మూడు. ఒక్కటి కూడా హైదరాబాదులో ఉండకూడదు :-(

4. జరిగే గేటు మోటారు నేల మీద కూర్చుంటుంది. మా వైపు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఊళ్ళో ఎవరినడిగినా గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. దిమ్మె ఆ గీత కంటే ఎత్తు కట్టించండి. కంట్రోల్ పెట్టె గోడ మీద ఇంకా పైన ఉండాలి.

5. అడ్డం వస్తే ఆగే సెన్సర్ తప్పనిసరి. అమెరికాలో 1993 నుంచి తయారైన ప్రతి ఆటోమేటిక్ ఓపెనరూ ఏదైనా అడ్డొస్తే వెనక్కి వెళ్ళాలని చట్టం. పిల్లలు తలుపుల కింద నలిగిపోయాక వచ్చిన చట్టం అది. ఇక్కడ మాత్రం "సాలెపురుగులు గూడు కడుతున్నాయి సార్, సెన్సర్ తీసేద్దాం" అంటారు. గూడు తుడవండి, సెన్సర్ ఉంచండి.

6. విడిభాగాలు చల్లపల్లిలోనో మచిలీపట్నంలోనో దొరకాలి, అవనిగడ్డ ఎలక్ట్రీషియన్‌కి విప్పడం రావాలి. పది ఫీచర్లున్న విదేశీ మోటారు కంటే మనవాడు బాగుచేయగల మామూలు మోటారు మేలు.

7. నెలకోసారి మంచినీళ్ళ గుడ్డతో తుడిచి, ఆరాక గొలుసుకి గ్రీజు. వారానికోసారైనా మీట విడదీసి చేత్తో తెరవాలి. వాడని మీట తుప్పు పడుతుంది, మా ఇంట్లో పట్టినట్టే.

సుబ్రహ్మణ్య షష్ఠికి ఊరెళ్ళినప్పుడు నేను చేసిన పని ఇది. యాప్ డబ్బా పీకేశా. షట్టరు స్ప్రింగులు మార్పించా, తుప్పు గొలుసు తీసేసి జింకులో ముంచిన గొలుసు వేయించా. మీటకి తాళం తీయించేశా. వసారాలోంచి షెడ్డులోకి చిన్న తలుపు పెట్టించా. మోటారు ఉంది, మామూలు రోజుల్లో పని చేస్తుంది. అన్నీ అయ్యాక మెయిన్ ఆఫ్ చేసి, రిమోట్లు నా జేబులో వేసుకుని, "అమ్మా, ఇప్పుడు తియ్యి" అన్నా. నేను చేతులు కట్టుకుని నిలబడ్డా. మొదటిసారి మీట ఎటు లాగాలో తెలియక నన్ను తిట్టింది. రెండోసారి ఒక్కతే లేపింది, నిమిషం కూడా పట్టలేదు. భుజం నొప్పి లేదా అంటే "ఇదేమంత బరువుందిరా, నువ్వు పెట్టించింది మహా బరువు గానీ" అంది.

ఆఫీసులో ఏడాదికి రెండుసార్లు డిజాస్టర్ రికవరీ డ్రిల్ అని రాత్రంతా కూర్చుంటాం. క్లయింటు డేటాబేసు నాలుగు నిమిషాలు ఆగితే నలుగురం సంజాయిషీలు రాస్తాం. అదే మనం, ఇంటికి కొన్న ఒక్క తలుపునీ ఒక్కసారైనా కరెంటు తీసేసి చూడం. ఎందుకంటే అది కొన్నది అమ్మ కోసం కాదేమో. దూరంగా ఉన్నామన్న బాధ తగ్గడానికి, వేలితో నొక్కితే ఇంట్లో ఏదో కదుల్తుందన్న తృప్తికి మన కోసం మనం కొనుక్కున్నాం. ఈ మాట నాకే గుచ్చుకుంటోంది, అయినా రాస్తున్నా.

ఈ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నలుగురికీ ఫోను చూపించే ముందు ఒక్క పని చేయండి. మెయిన్ ఆఫ్ చేయండి. రిమోట్ దాచేయండి. అమ్మనో నాన్ననో తలుపు తీయమనండి. మీరు సాయం చేయకండి, మాట కూడా చెప్పకండి. వాళ్ళు తీయగలిగితే మీరు మంచి మోటారే కొన్నారు, సంతోషం. తీయలేకపోతే మాత్రం, వాళ్ళని లోపల పెట్టి తాళం వేసి చెవి మీ జేబులో వేసుకుని వచ్చినట్టే. పండగ సెలవులు అయిపోయేలోగా దాన్ని సరిచేసి రండి.